మూర్ఛ రోగికి మంచి డాక్టరు ఎవరు?

రోగి కోరిందీ పాలే, వైద్యుడు చెప్పిందీ పాలే అన్నారు పెద్దలు. నరాల డాక్టరు దగ్గర ఇప్పుడు పాల బదులు స్కానింగు వచ్చింది. తీయించుకోనిదే రోగికి తృప్తి ఉండదు. రాయనిదే కొందరు డాక్టర్లకు తోచదు. స్కానింగు అవసరమే కావచ్చు. కాని మూర్ఛ విషయంలో ముందు కావలసింది, పడిపోయినప్పుడు పక్కనున్న మనిషి చెప్పే మాట.

ఫిట్సు వచ్చి స్పృహ తప్పినవాడికి తనకేం జరిగిందో తెలియదు. అందుకే మంచి డాక్టరు వెంట వచ్చిన తల్లినో, భార్యనో అడుగుతారు. చూపు ఎటు తిరిగింది? ఏ చెయ్యి ముందు కొట్టుకుంది? ఎన్ని నిమిషాలు? నాలుక కరుచుకున్నాడా? తేరుకున్నాక వెంటనే మాట్లాడాడా, మగతగా ఉన్నాడా? సెల్‌ఫోనులో వీడియో తీసి ఉంటే అదీ చూస్తారు. ఉత్తినే కళ్ళు తిరిగి పడడానికీ, మూర్ఛకూ తేడా చాలావరకు ఈ జవాబుల్లోనే తేలుతుంది. తలకు తీగలు పెట్టి తీసే ఇ.ఇ.జి. బాగున్నంత మాత్రాన మూర్ఛ లేదని కాదు.

ఇక మందు. చీటీ చేతిలో పెట్టి పంపేస్తే సరిపోదు. బిళ్ళలు హఠాత్తుగా మానితే ప్రాణం మీదికి రావచ్చని చెప్పాలి. నెలనెలా కొనే స్తోమత ఉందా అని అడగాలి. సరైన వైద్యం అందితే నూటికి 70 మంది ఫిట్సు లేకుండా బతకగలరని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

పెళ్ళీడు పిల్ల అయితే జాగ్రత్త మరీ అవసరం. వాల్‌ప్రోయేట్ అనే మందు కడుపులోని బిడ్డకు హాని చేయవచ్చు. ఆ సంగతి ముందే చెప్పని వారు మంచి డాక్టరు కారు. మూర్ఛ ఉందన్న కారణంతో పెళ్ళి రద్దు కోరే వీలును హిందూ వివాహ చట్టం నుంచి 1999లోనే తొలగించారని చెప్పి ధైర్యం కూడా ఇవ్వాలి.

"డాక్టరు నువ్వా, నేనా?" అని కసిరే చోట రోగి సగం సంగతులు మింగేస్తాడు. ఆ సగంలోనే రోగం దాక్కోవచ్చు.

రోగి ఇంటివారికీ బాధ్యత ఉంది. ఫిట్సు వచ్చినప్పుడు చేతిలో తాళాలు పెట్టవద్దు, నోట్లో ఏమీ కుక్కవద్దు. పక్కకు ఒత్తిగిలి పడుకోబెట్టండి. 5 నిమిషాలు దాటితే ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. ఫిట్సు వచ్చిన తేదీలు కాగితం మీద రాయించండి. చూసినవారిని, పాత చీటీలను వెంట తీసుకువెళ్ళండి. ఆ కాగితం వంక చూడకుండానే మందు మార్చే డాక్టరైతే, ఇంకొకరిని చూసుకోవడం తప్పు కాదు. అయితే కొత్త డాక్టరు చెప్పేదాకా పాత బిళ్ళలు మానవద్దు.