జంట కుక్కపిల్లల పెంపకము

మా ముండ్లమూరు సీమ మెట్ట ప్రాంతము. దర్శికిని అద్దంకికిని నడుమనున్న ఈ పొలములలో పైరు ఇల్లు చేరిన పిదప గొర్రెల మందలు దిగును. రైతు రాత్రివేళ తన చేనిలో మంద నిలిపించుకొనును. గొర్రెల పెంటికలును మూత్రమును నేలకు సత్తువ నిచ్చును. పగలు మందను కాపరి కన్నులు కాచును. రాత్రి అతనికి కునుకు పట్టినప్పుడు కాచునది కుక్క. నక్క వచ్చినను, దొంగ వచ్చినను, ఊరకుక్కల గుంపు వచ్చినను మొదట పసికట్టునది అదియే. ఒక్క రాత్రి కుక్క ఏమరినచో ఒక కుటుంబపు ఏడాది కష్టము మట్టిపాలు కావచ్చును. కావున కుక్కపిల్లను పెంచుట వట్టి వినోదమని మా ప్రాంతపు కాపరులు తలంపరు.

కుక్క ఈనిన ఇంటికి పిల్ల కొరకు పోయినవారు తరచుగా రెంటిని తెచ్చుకొనుచుందురు. ఒకటియే యైనచో రాత్రియంతయు ఏడ్చుననియు, రెండైనచో ఒకదానికొకటి తోడై ఆడుకొనుచు తమంతట తామే పెరుగుననియు వారి తలంపు. మేమును ఒకప్పుడు ఇట్లే తలంచితిమి. ఒకే ఈతలోని ఎర్రదానిని, నల్లదానిని తెచ్చి, ఒకే గంప క్రింద పండుకొనబెట్టి, ఒకే మూకుడులో సంగటి పెట్టితిమి. అవి ఏడ్వలేదు, మాకు నిద్రాభంగము కలుగలేదు. పెంపకము ఇంత సులభమా యని సంతసించితిమి.

ఆరు నెలలు నిండునప్పటికి సంగతి బయటపడెను. పిలిచినచో ఎర్రది మా మొగము చూడక నల్లదాని మొగము చూచును. నల్లది కదలినగాని అది కదలదు. ఒకదానిని పొలమునకు తీసికొనిపోయినచో రెండవది ఇంటియొద్ద మెతుకు ముట్టదు. ఒక మధ్యాహ్నము మేము బావికడ నున్న సమయమున ఆ రెండును కలిసి ఒక గొర్రెపిల్లను తరుమసాగెను. ఒకటి ముందునుండి అడ్డగించును. మరొకటి వెనుకనుండి తరుమును. వాటికి అది ఆట. మేము పరుగున వచ్చునప్పటికి గొర్రెపిల్ల రొప్పుచు నేలబడియుండెను. ప్రొద్దు క్రుంకకముందే చనిపోయెను. ఒంటరిగా నున్నప్పుడు ఆ రెంటిలో ఏదియు గొర్రెపిల్ల జోలికి పోయి యెరుగదు. తప్పు కుక్కలది కాదు; పెంచిన మాది.

ఇట్లేల జరుగును? కుక్కపిల్లకు సుమారు మూడవ వారము మొదలు పండ్రెండవ వారము వరకు గల కాలము మిక్కిలి ముఖ్యమైనది. తనవారెవరో, ఎవరిని నమ్మవలెనో అది ఆ కాలముననే నేర్చుకొనును. అమెరికాలోని బార్ హార్బర్ పట్టణమున గల జాక్సన్ ప్రయోగశాలలో స్కాట్, ఫుల్లర్ అను శాస్త్రజ్ఞులు కుక్కపిల్లలను ఏండ్ల తరబడి పరిశీలించి, 1965లో ప్రకటించిన గ్రంథమున ఈ విషయమును విశదీకరించిరి. ఆ వారములలో రేయింబవళ్ళు తోబుట్టువే ప్రక్కనున్నచో, పిల్లకు ఆ తోబుట్టువే లోకమగును. మనిషి కూడు పెట్టు చేయి మాత్రమే. గొర్రె పరుగెత్తు ఆటవస్తువు మాత్రమే.

ఈ మర్మమును కాపరులు శాస్త్రజ్ఞులకంటె ముందే యెరుగుదురు. చార్లెస్ డార్విన్ 1833లో నేటి ఉరుగ్వే దేశపు పచ్చికబయళ్ళలో సంచరించినప్పుడు, ఇంటికిని మనిషికిని కొన్ని మైళ్ళ దూరమున ఒకటి రెండు కుక్కలే పెద్ద మందను కాచుచుండుట చూచి వాటి పెంపకమును విచారించెను. అక్కడివారు కుక్కపిల్లను పసితనముననే తల్లినుండి వేరుచేసి, దినమునకు మూడు నాలుగు మారులు గొర్రెను పట్టుకొని దాని పాలు త్రాగించుచుండిరి. దొడ్డిలోనే ఉన్నితో పడక అమర్చుచుండిరి. ఇతర కుక్కలతో గాని ఇంటి పిల్లలతో గాని కలియనిచ్చువారు కారు.

దీనిని మనము యథాతథముగా అనుసరింపరాదు. మన నెల్లూరు జాతి గొర్రెకు, అది తెల్లని పల్లయైనను, నల్లమచ్చల జోడిపియైనను, పడకకు చాలినంత ఉన్ని లేదు. ఏడెనిమిది వారములు నిండకముందు పిల్లను తల్లినుండి వేరుచేయుట మంచిది కాదు. పైగా మన కుక్క ఊరి పిల్లల నడుమ తిరుగవలసినది. మనుష్యుల నెరుగక పెరిగినచో ప్రమాదము. కాని ఆ పద్ధతిలోని సారము మనకును పనికివచ్చును. కుక్క ఎవరితో బ్రతుకవలెనో వారి నడుమ పెరుగవలెను.

అందుచేత మొదట ఒకదానినే పెంచి, అది మాట వినుట నేర్చిన పిదప, ఏడాదికో ఏడాదిన్నరకో రెండవదానిని తెచ్చుకొనుట ఉత్తమము. పెద్దదాని నడవడి చూచి చిన్నది కొంత నేర్చుకొనును. కాని తల్లి చనిపోయిన కారణముననో, మరొక కారణముననో రెండును ఒకేమారు ఇంటికి వచ్చుట కలదు. అప్పుడు చేయవలసిన పనులు ఇవి.

పడకలు వేరుగా నుండవలెను. దొడ్డికి ఈ కొసను ఒకటి, ఆ కొసను ఒకటి, నడుమ తడిక. ప్రక్కన గొర్రెల వాసనయు అరుపులును వాటికి అలవాటు కావలెను. మొదటి రాత్రులు అవి ఏడ్చును. ఇంటివారిలో ఒకరు చేరువలో పండుకొనినచో ఊరడిల్లును; ఆ ఊరట మనిషివలన కలిగినదని నేర్చుకొనును. మూకుళ్ళును వేరుగా నుండవలెను. కలిపి పెట్టినచో బలమైనది రెండవదాని పాలు కూడ తినివేయును; ఏది జబ్బుపడి తిండి మానినదో మనకు తెలియదు.

పిలిచిన వచ్చుట, నిలుమనిన నిలుచుట, త్రాటితో నడచుట, వీనిని ఒక్కొక్కదానికి విడివిడిగా నేర్పవలెను. పూటకు అయిదు నిమిషములు చాలును. మాట వినిన వెంటనే చిన్న రొట్టెముక్కయో, మంచిమాటయో బహుమానము. కొట్టరాదు, దెబ్బ తినిన పిల్ల పిలిచినప్పుడు రాదు. ఉదయము ఒకటి మందవెంట పోయినచో రెండవది ఇంటియొద్ద నుండవలెను. సాయంకాలము అవి తారుమారు కావలెను. ఒంటరిగా నేర్చిన పాఠమును స్థిరపడిన పిదపనే జంటగా చేయింపవలెను.

ఇట్లనిన వాటిని అసలే కలియనీయరాదని కాదు. ఉదయ సాయంకాలములు కొంతసేపు ఆడుకొననిండు. తోటి కుక్కతో మెలగుట కూడ కుక్కకు చదువే. కాని ఏడాది దాటు వరకు మనిషి కన్నులేని చోట రెంటిని కలిపి గొర్రెపిల్లల నడుమ విడువరాదు. చెవి పట్టి లాగుట, వెంటబడుట వంటివి మొదటిమారే మాటతో ఆపి, ఆ పిల్లను ప్రక్కకు తీసికొనిపోవలెను. రెండవమారు ఊరకుండినచో మూడవమారు అది వేట యగును.

ఆరోగ్యవిషయమున రెండు పిల్లలనగా రెండు లెక్కలు. ఒకదానికి పార్వో వ్యాధి సోకినచో రెండవదానికి తప్పదు. ఆరు ఎనిమిది వారముల నడుమ మొదటి టీకాయు, మూడు నెలలు నిండగనే రేబిస్ టీకాయు వేయించి, తరువాతి మోతాదులు పశువైద్యుడు చెప్పిన ప్రకారము మరువక వేయింపవలెను. ఏలికపాములకు మందు క్రమముగా పట్టింపవలెను. కోసిన గొర్రె పచ్చి ప్రేగులు, తలకాయ కుక్కకు వేయరాదు. వానివలన కుక్క కడుపున బద్దెపురుగులు పెరిగి, వాని గ్రుడ్లు మేతతో మరల గొర్రెలకు, కొన్ని మనుష్యులకును సోకును. ఆటలో పంటిగాటు పడినను సబ్బుతో పదునైదు నిమిషములు ధారగా నీటితో కడిగి, ఆనాడే ఆసుపత్రికి పోవలెను. పిల్లలలో ఒకటి మగది, ఒకటి ఆడది యైనచో, ఎదకు రాకముందే పశువైద్యుని సలహాతో సంతానము కలుగకుండ శస్త్రచికిత్స చేయించుట మేలు.

మా ఎర్రదానిని, నల్లదానిని మేము పారద్రోలలేదు. వేరువేరు పాకలకు మార్చి, మొదటినుండి ఒక్కొక్కదానికి మరల నేర్పితిమి. నల్లది క్రమముగా మందకు అలవాటుపడెను. ఎర్రది తన పేరు విని ఒంటరిగా మావైపు నడచి వచ్చుటకు నెలలు పట్టెను. గొర్రెపిల్లల కడ దానిని మేము తిరిగి నమ్మలేకపోతిమి. అది ఇంటికాపలాకే నిలిచెను. మొదటి మూడు నెలలలో చేయని పని తరువాత మూడేండ్లు చేసినను పూర్తికాదని అది మాకు నేర్పెను.

రెండు కుక్కపిల్లలను పెంచుట యనగా, ఒక పనిని పంచుకొనుట కాదు. ఒకే పనిని రెండుమారులు చేయుట. అంతటి తీరిక గలవారు రెంటిని తెచ్చుకొనుడు. లేనివారికి ఒకటి చాలును. చక్కగా పెరిగిన ఒక్క కుక్క కాచిన మందలో కాపరి నిశ్చింతగా కన్ను మూయగలడు.