భాగం 6: వేదిక మీద ధ్వని ప్రాసెసింగ్ – మల్టీ ఎఫెక్ట్స్ పెడళ్లు, చిన్న కంప్యూటర్లు

6.0 ఉద్దేశాలు

ఈ భాగం చదివిన తరువాత మీరు:
• వాద్యం నుంచి స్పీకరు వరకు ధ్వని సంకేతం నడిచే దారిని వివరించగలుగుతారు.
• బ్లాకు పరిమాణాన్ని బట్టి ఆలస్యాన్ని లెక్కకట్టగలుగుతారు.
• ప్రత్యక్ష ప్రదర్శనలో సగటు వేగం ఒక్కటే ఎందుకు చాలదో చెప్పగలుగుతారు.
• ఒక ప్రదర్శనకు తగిన పరికరాన్ని కారణాలతో సహా ఎంపిక చేయగలుగుతారు.

6.1 ప్రవేశిక

గత భాగంలో డిజిటల్ ఫిల్టర్లు ఎలా పనిచేస్తాయో తెలుసుకున్నారు. అక్కడ లెక్క పూర్తికావడానికి ఎంత సేపు పట్టిందన్నది మనం పట్టించుకోలేదు. రికార్డింగ్ గదిలో కంప్యూటర్ ఒక క్షణం ఆగినా మళ్లీ మొదలుపెట్టవచ్చు. వేదిక మీద ఆ వీలు ఉండదు. తీగ మీటిన వెంటనే ధ్వని రావాలి, పాట ముగిసేదాకా అది ఎక్కడా తెగకూడదు.

డిస్టార్షన్, డిలే, కోరస్, రివర్బ్ వంటి అనేక ఎఫెక్టులను ఒకే పెట్టెలో అమర్చి, కాలితో నొక్కి మార్చుకునేలా తయారుచేసిన పరికరమే మల్టీ ఎఫెక్ట్స్ పెడల్. దీన్ని 'ప్రోగ్రామబుల్' అన్నప్పుడు రెండు అర్థాలు రావచ్చు. తయారీదారు ఇచ్చిన ఎఫెక్టుల అమరికలను భద్రపరచుకుని, కావలసినప్పుడు పిలుచుకోవడం మొదటిది. ఎఫెక్టు చేసే లెక్కనే మనం స్వయంగా రాసి పెట్టెలోకి ఎక్కించడం రెండవది. ఈ భాగంలో మన దృష్టి రెండవ అర్థం మీదే ఉంటుంది.

6.2 తీగ నుంచి స్పీకరు వరకు

తీగ కంపనాన్ని పికప్ విద్యుత్ సంకేతంగా మారుస్తుంది. ప్రీయాంప్ దాన్ని పెంచుతుంది. అనలాగ్–డిజిటల్ కన్వర్టర్ దాన్ని సెకనుకు, ఉదాహరణకు, 48,000 సార్లు కొలిచి అంకెలుగా మారుస్తుంది. ఈ కొలతల్లో ప్రతి ఒక్కటీ ఒక శాంపిల్. ప్రాసెసర్ ఆ అంకెల మీద లెక్కలు చేస్తుంది. డిజిటల్–అనలాగ్ కన్వర్టర్ ఫలితాన్ని మళ్లీ విద్యుత్ సంకేతంగా మార్చి యాంప్లిఫయరుకు పంపుతుంది.

ఈ దారి మొదట్లోనే కొత్తవారు తరచుగా ఒక పొరపాటు చేస్తారు. ఎలక్ట్రిక్ గిటారును, లేదా యు. శ్రీనివాస్ కచేరీల్లో వాయించిన ఎలక్ట్రిక్ మాండొలిన్ వంటి వాద్యాన్ని, సౌండ్ కార్డు లైన్ ఇన్‌పుట్‌కు నేరుగా కలుపుతారు. సాధారణ మాగ్నెటిక్ పికప్‌కు సుమారు 1 మెగాఓమ్ ఇన్‌పుట్ ఇంపెడెన్స్ అనువుగా ఉంటుంది. లైన్ ఇన్‌పుట్‌లో అది తరచుగా 10 కిలోఓమ్‌ల స్థాయిలోనే ఉంటుంది. దాంతో పై స్వరాల మెరుపు పోయి ధ్వని మందంగా వినిపిస్తుంది. ఇది ప్రోగ్రాము సరిదిద్దవలసిన లోపం కాదు. మధ్యలో తగిన ప్రీయాంప్ పెట్టడమే పరిష్కారం.

6.3 ఆలస్యాన్ని లెక్కకట్టడం

చాలా పరికరాలు శాంపిళ్లను ఒక్కొక్కటిగా కాక, కొన్నింటిని కలిపి ఒక బ్లాకుగా తీసుకుంటాయి. ఒక బ్లాకు నిండేదాకా ఆగాలి. తరువాతి బ్లాకు నిండుతున్న సమయంలో మొదటి బ్లాకు మీద లెక్క పూర్తి కావాలి. ఆ తరువాతే అది బయటికి వెళుతుంది. కాబట్టి ఈ పద్ధతిలో ఆలస్యం రెండు బ్లాకుల కాలానికి సమానం. కన్వర్టర్లు దీనికి మరికొంత కలుపుతాయి.

బ్లాకు కాలం = బ్లాకులోని శాంపిళ్లు ÷ సెకనుకు తీసుకునే శాంపిళ్లు

సెకనుకు 48,000 శాంపిళ్లు తీసుకుంటే:
• 64 శాంపిళ్ల బ్లాకు: 1.33 మిల్లీసెకన్లు, రెండు బ్లాకులకు 2.67
• 128 శాంపిళ్ల బ్లాకు: 2.67 మిల్లీసెకన్లు, రెండు బ్లాకులకు 5.33
• 256 శాంపిళ్ల బ్లాకు: 5.33 మిల్లీసెకన్లు, రెండు బ్లాకులకు 10.67
• 1024 శాంపిళ్ల బ్లాకు: 21.33 మిల్లీసెకన్లు; రెండు బ్లాకులకు 42.67

ఈ అంకెలను ఎలా అర్థం చేసుకోవాలి? గాలిలో ధ్వని ఒక మిల్లీసెకనులో సుమారు 34 సెంటీమీటర్లు ప్రయాణిస్తుంది. యాంప్లిఫయరుకు 3 మీటర్ల దూరంలో నిలబడి వాయించేవారికి ధ్వని దాదాపు 9 మిల్లీసెకన్ల తరువాతే చేరుతుంది. కనుక 5 మిల్లీసెకన్ల ఆలస్యం సాధారణంగా ఇబ్బంది పెట్టదు. 42 మిల్లీసెకన్లయితే, స్పీకరును 14 మీటర్ల దూరాన పెట్టి వాయించినట్లుంటుంది. లయ పట్టు తప్పుతుంది. మొత్తం ఆలస్యం 10 మిల్లీసెకన్లలోపు ఉండేలా చూసుకోవడం మంచి నియమం.

6.4 సగటు వేగం చాలదు

మరి బ్లాకును వీలైనంత చిన్నది చేస్తే సరిపోదా? ఇక్కడే అసలు చిక్కు ఉంది. ఒక ఉదాహరణ చూద్దాం.

బ్లాకు 64 శాంపిళ్లు అనుకుందాం. లెక్కకు గడువు 1,333 మైక్రోసెకన్లు. మీ ప్రోగ్రాము మామూలుగా 400 మైక్రోసెకన్లలో పని ముగిస్తుంది. గడువులో మూడో వంతు కూడా పట్టలేదు కనుక భయం లేదనిపిస్తుంది. కానీ వెయ్యి బ్లాకులకు ఒకసారి ఆపరేటింగ్ సిస్టమ్ మరో పనికి మళ్లి, 2,000 మైక్రోసెకన్లు పట్టిందనుకోండి. ఆ ఒక్క బ్లాకు గడువు దాటింది. స్పీకరులో 'టిక్కు'మని వినిపిస్తుంది.

వెయ్యికి ఒక్కటే కదా అనుకోవచ్చు. కానీ సెకనుకు 750 బ్లాకులు వస్తాయి. మూడు నిమిషాల పాటకు 1,35,000 బ్లాకులు. అంటే ఒక్క పాటలో సుమారు 135 టిక్కులు! సగటు తీస్తే మాత్రం ఒక్కో బ్లాకుకు 402 మైక్రోసెకన్లే. సగటు ఈ లోపాన్ని పూర్తిగా దాచేస్తుంది.

కనుక వేదిక మీద అడగవలసిన ప్రశ్న 'ఎంత వేగం?' అని కాదు, 'ఎప్పుడైనా ఆలస్యం చేస్తుందా?' అని. దీనినే రియల్ టైమ్ నియమం అంటారు. ఈ కారణంగానే బ్లాకు లెక్క చేసే భాగంలో ఎంత సేపు పడుతుందో ముందుగా చెప్పలేని పనులేవీ పెట్టకూడదు. ఫైలు చదవడం, కొత్తగా మెమరీ అడగడం, తెర మీద అక్షరాలు ముద్రించడం అటువంటివే. వాటిని ధ్వని మొదలుకాకముందే ముగించాలి, లేదా వేరే థ్రెడ్‌కు అప్పగించాలి.

6.5 మూడు రకాల పరికరాలు

(అ) మైక్రోకంట్రోలర్ బోర్డు: డైసీ సీడ్ దీనికి ఉదాహరణ. ఇందులో 480 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్, ఆడియో కన్వర్టర్లు ఉంటాయి. 48,000 శాంపిళ్ల రేటులో ఒక్కో శాంపిల్‌కు 10,000 క్లాక్ సైకిళ్లు దొరుకుతాయి. సాధారణ ఆపరేటింగ్ సిస్టమ్ లేదు కనుక మధ్యలో అడ్డుపడే పనులు తక్కువ. కరెంటు ఇచ్చిన కొద్దిసేపటికే పని మొదలవుతుంది. అయితే పెద్ద ప్రోగ్రాములకు పరిమితులుంటాయి.

(ఆ) ధ్వనికి మొదటి స్థానం ఇచ్చే లినక్స్ కంప్యూటర్: లండన్‌లోని క్వీన్ మేరీ విశ్వవిద్యాలయంలో రూపొందిన బేలా ఇటువంటిది. ఇది మొదట బీగిల్‌బోన్ బ్లాక్ బోర్డు మీద తయారైంది. ఇందులో జెనోమై అనే ఏర్పాటు వల్ల ధ్వని లెక్కకు లినక్స్ కంటే ముందు వంతు వస్తుంది. అందుకే ఆలస్యాన్ని 1 మిల్లీసెకను కంటే తగ్గించడం సాధ్యమైంది.

(ఇ) సాధారణ చిన్న కంప్యూటర్: 2012లో వచ్చిన రాస్ప్‌బెర్రీ పై అందరికీ తెలిసినదే. ధరకు తగిన శక్తి, విస్తారమైన సాఫ్ట్‌వేర్ దీని బలాలు. దీనిలో ఆడియో ఇన్‌పుట్ లేదు కనుక సౌండ్ కార్డు చేర్చాలి. రియల్ టైమ్ పనికి తోడ్పడే ప్రీఎంప్ట్ ఆర్‌టీ మార్పులు 2024లో లినక్స్ 6.12తో ప్రధాన కెర్నెల్‌లో చేరాయి. అయినా ఆ ఎంపికను మనమే అమర్చుకుని, పరీక్షించుకోవాలి.

6.6 ప్రదర్శనకు ముందు

ఇంట్లో బాగా నడిచిన పరికరం వేదిక మీద నడుస్తుందన్న హామీ లేదు. ఈ నాలుగూ తప్పక సరిచూడండి.

1. వేడి: రాస్ప్‌బెర్రీ పై ప్రాసెసర్ 80 డిగ్రీల సెల్సియస్ దాటితే తన వేగం తానే తగ్గించుకుంటుంది. గడువులో సరిపోయిన లెక్క అప్పుడు సరిపోకపోవచ్చు. మూత బిగించి, కనీసం ప్రదర్శన కాలమంతా నడిపి చూడండి.
2. కరెంటు: మధ్యలో పోతే మెమరీ కార్డు చెడిపోవచ్చు. వ్యవస్థను 'చదవడానికి మాత్రమే' పద్ధతిలో అమర్చండి. మళ్లీ ధ్వని రావడానికి ఎన్ని సెకన్లు పడుతుందో గడియారం పెట్టి కొలవండి.
3. బైపాస్: కరెంటు లేనప్పుడు వాద్య సంకేతం నేరుగా యాంప్లిఫయరుకు వెళ్లేలా రిలే పెట్టండి. ఎఫెక్టు ఆగినా పాట ఆగదు.
4. అనవసరమైన పనులు: వైఫై, ఆటోమేటిక్ అప్‌డేట్‌లు ఆపివేయండి.

6.7 సారాంశం

ప్రత్యక్ష ధ్వని ప్రాసెసింగ్‌లో ప్రతి బ్లాకుకూ ఒక గడువు ఉంటుంది. చిన్న బ్లాకు ఆలస్యాన్ని తగ్గిస్తుంది, కానీ గడువును బిగిస్తుంది. పరికరాన్ని దాని సగటు వేగంతో కాక, అతి చెడ్డ సందర్భంలో పట్టే కాలంతో అంచనా వేయాలి. ఎప్పుడూ గడువు తప్పని నెమ్మది పరికరం, అప్పుడప్పుడు తప్పే వేగవంతమైన పరికరం కంటే వేదికకు మేలు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. సెకనుకు 48,000 శాంపిళ్లు, బ్లాకుకు 96 శాంపిళ్లు అయితే, రెండు బ్లాకుల ఆలస్యం ఎంత?
2. ఇదే అమరికలో 5,000 బ్లాకులకు ఒకటి గడువు తప్పితే, 5 నిమిషాల పాటలో ఎన్ని టిక్కులు వస్తాయి?

సమాధానాలు: 1) 4 మిల్లీసెకన్లు. 2) సెకనుకు 500 బ్లాకుల చొప్పున మొత్తం 1,50,000 బ్లాకులు, కాబట్టి 30 టిక్కులు.