తత్కాల్ బాట్‌ల నుంచి నేర్చుకోవాల్సింది: మనిషికి ఒక లాగిన్, ప్రోగ్రామ్‌కి ఇంకో లాగిన్ ఎందుకు?

మా నౌపడ చుట్టుపక్కల హైదరాబాద్, చెన్నైలో పని చేసేవాళ్లు చాలామందే ఉన్నారు. పండక్కి వచ్చి తిరిగి వెళ్లాలంటే తత్కాలే దిక్కు. ఏసీకి ఉదయం 10 గంటలకు, నాన్ ఏసీకి 11 గంటలకు బుకింగ్ ఓపెన్ అవుతుంది. మనం పేర్లు టైప్ చేసేలోపే వెయిటింగ్ లిస్ట్ వచ్చేస్తుంది. మన ఫోన్ స్లో అనుకుంటాం గానీ, పోటీలో మనుషులు మాత్రమే లేరు. తత్కాల్ మొదలైన మొదటి ఐదు నిమిషాల్లో వచ్చే లాగిన్ ప్రయత్నాల్లో దాదాపు 50 శాతం వరకు బాట్‌లవేనని 2025 జూన్‌లో రైల్వే శాఖే చెప్పింది. అనుమానం వచ్చిన 2.5 కోట్ల ఐడీలను ఆపేసింది కూడా.

సరే, బ్రౌజర్‌లో మనిషి వచ్చాడా, ప్రోగ్రామ్ వచ్చిందా అన్నది సర్వర్‌కి ఎలా తెలుస్తుంది?

యూజర్ ఏజెంట్‌ని నమ్మొద్దు

ప్రతి రిక్వెస్ట్‌తో పాటు "నేను క్రోమ్‌ని" అని చెప్పే ఒక లైన్ వెళ్తుంది. అదే యూజర్ ఏజెంట్. పైథాన్ స్క్రిప్ట్‌లో ఒక్క లైన్ మారిస్తే అదీ క్రోమ్ అయిపోతుంది. కాబట్టి దాన్ని చూసి సెక్యూరిటీ నిర్ణయాలు తీసుకోకూడదు. ఎవరు ఏ గుర్తింపు చూపించారన్నదే చూడాలి.

బ్రౌజర్‌కి కుకీ

మనిషి పాస్‌వర్డ్, ఓటీపీ ఇస్తాడు. సర్వర్ సెషన్ కుకీ ఇస్తుంది. లాగిన్ అవ్వకుండా వస్తే 302తో లాగిన్ పేజీకి పంపిస్తే చాలు, మిగతాది మనిషి చూసుకుంటాడు. కానీ ఒక చిక్కుంది. కుకీని బ్రౌజర్ తనంతట తానే పంపేస్తుంది కాబట్టి, వేరే సైట్ మీ పేరుతో రిక్వెస్ట్ పంపించే ప్రమాదం ఉంది. దీన్నే సీఎస్ఆర్ఎఫ్ అంటారు. అందుకే ఫామ్‌లో సీఎస్ఆర్ఎఫ్ టోకెన్, కుకీకి సేమ్‌సైట్ సెట్టింగ్ తప్పనిసరి.

ప్రోగ్రామ్‌కి టోకెన్

స్క్రిప్ట్‌కి లాగిన్ పేజీ చూపించి లాభం లేదు. 302 ఇస్తే అది బుద్ధిగా వెనకాలే వెళ్లి, 200తో వచ్చిన హెచ్‌టీఎంఎల్‌ని డేటా అనుకుని జేసన్‌గా చదవబోయి బోల్తా పడుతుంది. అసలు కారణం లాగిన్ అని తెలియడానికి గంటలు పడుతుంది. అందుకే ఏపీఐ దారిలో సూటిగా 401 ఇవ్వాలి. గుర్తింపు కోసం ఆథరైజేషన్ హెడర్‌లో టోకెన్ అడగాలి. ఆ టోకెన్‌కి గడువు ఉండాలి, ఏ పనులు చేయొచ్చో హద్దు ఉండాలి, అవసరమైతే దాన్ని ఒక్కదాన్నే రద్దు చేయగలగాలి. ఈ హెడర్‌ని బ్రౌజర్ దానంతట అది పంపదు కాబట్టి ఇక్కడ సీఎస్ఆర్ఎఫ్ గొడవ లేదు. అయితే అదే ఏపీఐ కుకీని కూడా ఒప్పుకుంటే మాత్రం ఆ చెక్ మళ్లీ పెట్టాల్సిందే.

వేరు చేస్తే లాభం ఏంటి?

ఎవరెవరో తెలిస్తేనే ఎవరి రూల్ వాళ్లకి పెట్టగలం. ఐఆర్‌సీటీసీలో ఏజెంట్ ఖాతాలు వేరు, వ్యక్తిగత ఖాతాలు వేరు. అందుకే ఏజెంట్లు తత్కాల్ మొదటి 30 నిమిషాలు బుక్ చేయకూడదన్న రూల్ 2025 జులైలో పెట్టగలిగారు. అదే బాట్ మనిషి ఖాతాలో దూరి, మనిషిలా నటిస్తే? అప్పుడు మనిషినే ఎక్కువగా పరీక్షించాల్సి వస్తుంది. 2025 జులై 1 నుంచి ఆన్‌లైన్ తత్కాల్‌కి ఆధార్ ధ్రువీకరణ, 15 నుంచి ఆధార్ ఓటీపీ వచ్చింది ఇందుకే. దొంగదారిలో వచ్చిన ప్రోగ్రామ్‌ల ఖర్చు మన టైమ్‌లో పడుతోందన్నమాట.

మీరు సైట్ కడుతుంటే

- ఏపీఐకి ప్రత్యేక దారి పెట్టండి. అక్కడ 302 వద్దు, 401 ఇవ్వండి.
- స్క్రిప్ట్‌లకి యూజర్ పాస్‌వర్డ్ కాకుండా టోకెన్ ఇవ్వండి.
- ఒక్కో టోకెన్‌కి నిమిషానికి ఇన్ని రిక్వెస్టులే అని లిమిట్ పెట్టండి. దాటితే 429.
- పద్ధతైన దారి ఇవ్వకపోతే, అవసరం ఉన్నవాడు బ్రౌజర్ వేషంలో వస్తాడు. అప్పుడు ఆపడం ఇంకా కష్టం.

మీరు యూజర్ మాత్రమే అయితే ఒక్క మాట. "కన్ఫర్మ్ టికెట్ గ్యారంటీ" అంటూ ఐఆర్‌సీటీసీ పాస్‌వర్డ్ అడిగే ఎక్స్‌టెన్షన్ల జోలికి పోకండి. టోకెన్‌ని రద్దు చేస్తే ఒక్క దారే మూసుకుంటుంది. పాస్‌వర్డ్ ఇచ్చేస్తే మీ ఖాతా మొత్తం వాడి చేతిలో పెట్టినట్టే.