కంట్లో పుల్ల పెట్టుకుంటున్నా!

సాఫ్ట్ కాంటాక్ట్ లెన్స్‌ని వేలి కొన మీద నిలబెట్టి కంట్లో పెట్టుకోవడం చాలామందికి వారం పది రోజుల్లో అలవాటైపోతుంది. వీడియోల్లో చూస్తే మరీ రెండు సెకన్ల పని. నాకు మాత్రం అది వారంలో వచ్చేది కాదు, నెలలో వచ్చేదీ కాదు. ఎందుకంటే నా చేతులు వణుకుతాయి.

వణుకు అనగానే ఎదుటివాళ్లకొచ్చే డౌట్లన్నీ నాకు అలవాటే. ‘టెన్షనా బ్రో?’, ‘రాత్రి పార్టీ గట్టిగా అయినట్టుందే!’, ఇంటర్వ్యూలో అయితే ‘రిలాక్స్, ముందు వాటర్ తాగండి’. నాది ఎసెన్షియల్ ట్రెమర్. చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే ఏమీ ఉండదు. కాఫీ గ్లాసు ఎత్తినా, సంతకం పెట్టబోయినా, సూదిలో దారం ఎక్కించబోయినా మొదలవుతుంది. ఇది పార్కిన్సన్స్ కాదు, భయమూ కాదు. చాలా కుటుంబాల్లో వారసత్వంగా వస్తుంది. మా ఇంట్లో తాతయ్యకి ఉండేది, నాన్నకి ఉంది, ఇప్పుడు నాకు. బ్యాంకులో సంతకం కలవక నాన్న మూడేసి సార్లు పెట్టాల్సొస్తుంది. నాకు కీబోర్డు మీద పెద్దగా ఇబ్బంది లేదు. ఆటోకంప్లీట్ కనిపెట్టినవాళ్లు చల్లగా ఉండాలి.

దీనికి తోడు మైనస్ 6.5 సైట్. ఈ పవర్‌కి లెక్క కడితే, అద్దాలు తీశాక 15 సెంటీమీటర్లు దాటిన ప్రతిదీ మసకే. జానెడు దూరం కూడా కాదన్నమాట. షటిల్ ఆడుతుంటే చెమటకి అద్దాలు జారిపోతాయి. వానలో బండి మీద వెళ్తే హెల్మెట్ అద్దం ఒకటి, నా అద్దాలు రెండు, మొత్తం మూడూ ఒకేసారి ఆవిరి పడతాయి. అందుకే లెన్స్ కావాలనుకున్నా.

లెన్స్ ఇచ్చే ముందు షాపులో చిన్న పరీక్ష ఉంటుంది. మన చేతులతో మనమే పెట్టుకుని, మనమే తీసి చూపించాలి. ఇది మంచి పద్ధతే. తీయడం రానివాడికి లెన్స్ పెట్టి ఇంటికి పంపకూడదు కదా. నేను గంటసేపు కూర్చున్నా. లెన్స్ చెంప మీద దిగింది, చొక్కా మీద దిగింది, ఒకసారి ముక్కు మీద కూడా దిగింది. కంట్లో తప్ప. ‘మీకు అద్దాలే బెటర్ సార్, వాటిలో హ్యాండ్‌సమ్‌గా కూడా ఉన్నారు’ అన్నాడు అక్కడి కుర్రాడు. రెండో షాపులోనూ అదే మాట, హ్యాండ్‌సమ్ ఒక్కటి మైనస్.

మూడో చోట ఆప్టోమెట్రిస్ట్ మేడమ్ నా చేతుల వంక చూశారు గానీ ఏమీ అనలేదు. డ్రాయర్‌లోంచి ఒక చిన్న ప్లాస్టిక్ పుల్ల, ఒక బుల్లి పట్టకారు తీసి నా ముందు పెట్టారు. పుల్ల చివర మెత్తటి సిలికాన్ గిన్నెలాంటి కొన ఉంది. పట్టకారుకి రెండు కొనలా సిలికాన్ తొడుగులు. పుల్ల పెట్టడానికి, పట్టకారు తీయడానికి. ఇంటికి తీసుకెళ్తే మా అమ్మ చూసి, ‘కంట్లో పుల్ల పెట్టుకోవడమేంట్రా! పుల్ల పడకుండా చూసుకోమంటారు గానీ’ అంది. అప్పట్నుంచీ మా ఇంట్లో దాని పేరు పుల్లే.

వేలుంటే ఇదెందుకు?

కళ్లకి లెన్స్ పెట్టే పనిముట్లు కొత్తవేం కాదు. గట్టి లెన్సులు వాడేవాళ్లు వాటిని తీయడానికి చిన్న రబ్బరు సక్షన్ కప్పు వాడతారు. లెన్స్‌కి ఆనించి లాగితే వచ్చేస్తుంది. మెత్తటి లెన్స్ కథ వేరు. దాన్ని తయారుచేసింది ఒట్టో విక్తెర్లే అనే చెక్ కెమిస్ట్. 1961 క్రిస్మస్ రోజుల్లో ఆయన ఇంట్లోనే కూర్చుని, పిల్లలు ఆడుకునే మెర్కుర్ అనే మెకానిక్ సెట్టుతో ఒక మిషన్ బిగించాడు. దాన్ని తిప్పడానికి సైకిల్ డైనమో వాడాడు. తిరిగే అచ్చులో ద్రవం పోస్తే అది అంచులకి పరుచుకుని లెన్స్ ఆకారంలో గట్టిపడింది. నీళ్లు పీల్చుకుని మెత్తబడే ప్లాస్టిక్ అది. అమెరికాలో 1971లో బాష్ అండ్ లాంబ్ కంపెనీకి వాటిని అమ్మే అనుమతి వచ్చింది. ఒక ఇంజినీర్‌గా నాకిష్టమైన స్టార్టప్ కథల్లో ఇదొకటి. ఫండింగ్ సున్నా.

అంత మెత్తగా ఉండబట్టే దాన్ని రెండు వేళ్లతో గిల్లి తీయొచ్చు. కాబట్టి వేళ్లే పనిముట్టు అయ్యాయి, అందరూ వేళ్లతోనే నేర్పిస్తున్నారు. చేతులు వణికేవాళ్లు, కీళ్లవాతంతో వేళ్లు వంగనివాళ్లు, గోళ్లు పొడుగ్గా పెంచుకునేవాళ్లు, కంటి దగ్గరికి వేలొస్తేనే రెప్ప బిగపట్టేవాళ్లు ఆ లెక్కలోకి రాలేదు.

అయితే పుల్ల చేతికొచ్చిన మొదటి రోజు నాకు పరిస్థితి ఇంకా దిగజారింది. కారణం సింపుల్. పొడుగాటి పుల్లని చివర్లో పట్టుకుంటే చేతిలో చిన్న వణుకు అవతలి కొన దగ్గర పెద్దదవుతుంది. ఫిజిక్స్‌లో చదివిన లివరే. మేడమ్ చూపించిన ఉపాయం ఏంటంటే, పుల్లని పెన్సిల్‌లాగా కొనకి దగ్గరగా పట్టుకోవాలి. చిటికెన వేలు, అరచేతి అంచు చెంప ఎముక మీద ఆనించాలి. మోచేయి బల్ల మీద ఉండాలి. అప్పుడు చెయ్యి, మొహం రెండూ కలిసి కదులుతాయి. వణుకు పోలేదు, కానీ కంటికీ పుల్లకీ మధ్య తేడా పోయింది. క్రికెట్‌లో కెమెరాని ట్రైపాడ్‌కి బిగించినట్టు అనుకోండి. ఈ ఒక్క మాట ప్యాకెట్ మీద ఎక్కడా రాసి లేదు.

రెండో సంగతి తడి. లెన్స్ ఎక్కువ తడి ఉన్న వైపు అతుక్కుంటుంది. పుల్ల కొన సొల్యూషన్‌తో జవజవలాడుతుంటే లెన్స్ కంటికి తగిలి మళ్లీ పుల్లతోనే వెనక్కి వచ్చేస్తుంది. కొన దాదాపు పొడిగా ఉండాలి, లెన్స్ తడిగా ఉండాలి. లెన్స్ గిన్నెలా నిలబడిందో, పళ్లెంలా అంచులు బయటికి విచ్చుకుందో చూసుకోవాలి. పళ్లెంలా ఉంటే తిరగబడిందని అర్థం. ఇంకో చేత్తో రెప్పలు రెండూ తెరిచిపట్టి, అద్దంలోకి సూటిగా చూస్తూ మెల్లగా ఆనించాలి. గుచ్చడం, నొక్కడం ఏమీ లేదు. కన్నీటి పొరే లెన్స్‌ని లాక్కుంటుంది. తర్వాత కిందికి చూసి, నెమ్మదిగా రెప్ప వాలిస్తే సర్దుకుంటుంది.

లెన్స్ జారి కంటి వెనక్కి వెళ్లిపోతుందేమో అని మా నాన్న భయం. అలా వెళ్లదు. రెప్ప లోపలి పొరే మడత తిరిగి తెల్లగుడ్డు మీదికి వస్తుంది, అక్కడితో దారి మూసుకుపోతుంది. పై రెప్ప కింద దాక్కోవచ్చు, అంతే.

తీసేటప్పుడే జాగ్రత్త

పెట్టడం కష్టం అనిపిస్తుంది గానీ నిజంగా ప్రమాదం ఉన్నది తీయడంలో. మన ఒంట్లో నొప్పి తెలిపే నరాలు అత్యంత దట్టంగా ఉన్న చోట్లలో కార్నియా ఒకటి. దాని మీద పట్టకారు పెట్టి గిల్లితే ఏమవుతుందో ఊహించుకోండి. అందుకే మేడమ్ నన్ను వారం పాటు తీయడం మాత్రమే ప్రాక్టీస్ చేయించారు, వాళ్ల ఎదురుగానే. లెన్స్ పెట్టింది కూడా వాళ్లే.

ముందు లెన్స్ కంట్లో ఉందో లేదో చూసుకోవాలి. ఇది జోక్ కాదు. నిద్రమత్తులో, లెన్స్ ఎక్కడో జారిపోయిన కంట్లో పట్టకారుతో వెతికితే చేతికి దొరికేది కార్నియానే. నేనైతే ఒక కన్ను మూసి గోడ మీది క్యాలెండర్ చూస్తా. తారీఖులు కనిపిస్తే లెన్స్ ఉన్నట్టు. తర్వాత పైకి చూస్తూ, పట్టకారు మెత్తటి కొనలతో లెన్స్ కింది అంచుని తాకి తెల్లగుడ్డు మీదికి జరపాలి. అక్కడికి వచ్చాకే, చాలా తేలిగ్గా కొనలు దగ్గరికి తెస్తే లెన్స్ మడతపడి వచ్చేస్తుంది. నల్లగుడ్డు మీద ఉండగా గిల్లకూడదు. రోజంతా ఏసీలో స్క్రీన్ చూశాక లెన్స్ ఎండి అతుక్కుపోతుంది. అప్పుడు లెన్స్‌తో వాడదగిన చుక్కలు వేసి, కాసేపు రెప్పలాడించి, అది కదులుతోందని తెలిశాకే తీయాలి. బలవంతంగా లాగేదేదీ లేదు ఇందులో.

ఆన్‌లైన్‌లో కొనేవాళ్లు ఒకటి చూసుకోండి. గట్టి లెన్సులకి వాడే సక్షన్ కప్పులు కూడా ఇదే పేజీల్లో, ఇదే పేరుతో కనిపిస్తాయి. సాఫ్ట్ లెన్స్‌కని స్పష్టంగా రాసి ఉన్నదే తీసుకోండి. నా సెట్ ఖరీదు 180 రూపాయలు. రంగుల లెన్సుల ప్యాకెట్లతో ఉచితంగా వచ్చేవి కొన్ని చూశా. అచ్చు సరిగ్గా పడక కొన దగ్గర ప్లాస్టిక్ అంచు గరుగ్గా తగిలింది. ముందు పెదవికి రాసి చూడండి, గీరుకున్నట్టు అనిపిస్తే చెత్తబుట్టే. చూసిన పెదవి సరే, కంట్లో పెట్టే ముందు మాత్రం కడగండి!

ఆ కడగడం దగ్గరే అసలు పేచీ. ‘చేతులు తగలవు కాబట్టి శుభ్రం’ అని ఈ పుల్లల్ని అమ్మేవాళ్లు గట్టిగా చెబుతారు. నాకు ఆ మాట నచ్చదు. రెప్ప తెరిచేది వేళ్లే, పుల్లని పట్టుకునేదీ వేళ్లే. సబ్బుతో చేతులు కడిగి, పొడి గుడ్డతో పూర్తిగా తుడుచుకోవడం తప్పదు. పైగా శుభ్రంగా ఉంచాల్సిన వస్తువు ఇంకొకటి పెరిగింది. కుళాయి నీళ్లతో పుల్ల కొనని కడిగి డబ్బాలో పడేస్తే అకాంథమీబా అనే సూక్ష్మజీవికి దారిచ్చినట్టే. అది కుళాయి నీళ్లలో, బావుల్లో, ట్యాంకుల్లో, మట్టిలో ఉంటుంది. అందరికీ ఏమీ చెయ్యదు గానీ లెన్స్ వాడేవాళ్ల కార్నియాలో చేరితే విపరీతమైన నొప్పి, నెలల తరబడి మందులు. చూపు కూడా పోవచ్చు. అందుకే లెన్స్‌కి, డబ్బాకి, పుల్లకి నీళ్లు తగలనివ్వను. వాడగానే లెన్స్ సొల్యూషన్‌తో కొనలు రుద్ది, కొత్త టిష్యూ మీద ఆరబెడతా. లెన్స్ డబ్బాని 3 నెలలకోసారి మార్చమంటారు. దాంతోపాటే పుల్లనీ మార్చేస్తున్నా. సిలికాన్ కొన గట్టిపడినా, చిరిగినా అప్పటిదాకా ఆగను.

ఒక్క విషయంలో మాత్రం పుల్ల మన తెలుగువాళ్ల కోసమే పుట్టిందేమో అనిపిస్తుంది. పచ్చిమిర్చి! పచ్చడికి మిరపకాయలు తుంచిన వేళ్లని సబ్బుతో రెండుసార్లు కడిగినా ఆ ఘాటు పూర్తిగా వదలదు, ఎందుకంటే అది నీళ్లలో కరగదు, నూనెలో కరుగుతుంది. ఆ వేలితో లెన్స్ ముట్టుకుంటే మంట లెన్స్‌తో సహా కంట్లోకి వెళ్తుంది. మా రూమ్మేట్ ఆదివారం వంట చేసిన రాత్రి నా సెట్ అడుగుతాడు. నేను ఇవ్వను. కళ్ల దగ్గరికెళ్లే వస్తువు టూత్‌బ్రష్ లాంటిది. వాడికీ ఒకటి కొనిచ్చా.

ఇప్పుడు నాకు రెండు కళ్లకీ కలిపి నాలుగైదు నిమిషాలు పడుతుంది. కాఫీ తర్వాత అయితే ఇంకో రెండు నిమిషాలు, ఎందుకంటే కాఫీ వణుకుని పెంచుతుంది. కాబట్టి లెన్స్ ముందు, కాఫీ తర్వాత. నేను కుదుర్చుకోలేనిది ఒక్కటే, ప్రయాణం. కదిలే బస్సులో చెంపకి ఎంత ఆనించినా పట్టకారు పని చెయ్యదు, చెయ్యనివ్వకూడదు కూడా. అలాగని లెన్స్‌తో నిద్రపోతే ఇన్‌ఫెక్షన్ ముప్పు 6 నుంచి 8 రెట్లు పెరుగుతుందని అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ చెబుతోంది. అందుకే రాత్రి రాజమండ్రి బస్సు ఉన్న రోజు రూములోనే లెన్స్ తీసేసి, డబ్బా బిగించి, పాత అద్దాలు పెట్టుకుని బయల్దేరతా.