డెమో వీడియోలో అదిరింది, ఇంట్లో తుస్సుమంది: గిటార్ సౌండ్ శాంపిల్స్‌ని ఎంతవరకు నమ్మొచ్చు?

పోయిన ఏడాది ఒక ఓవర్‌డ్రైవ్ పెడల్ కొన్నాను. ట్యూబ్ స్క్రీమర్ టైప్ ఆకుపచ్చ డబ్బా, ధర 7,500 రూపాయలు. కొనేముందు రాత్రి రెండింటి దాకా డెమోలు చూశా. ఒక వీడియోలో లీడ్ వింటుంటే నిజంగానే రోమాలు నిక్కబొడుచుకున్నాయి. పార్సిల్ వచ్చింది, నా 10 వాట్ల ప్రాక్టీస్ ఆంప్‌కి కలిపి ఒక కార్డ్ కొట్టా. రేకు డబ్బాలో కందిరీగ దూరినట్టుంది! పక్క మంచం మీదున్న రూమ్మేట్ హెడ్‌ఫోన్స్ తీసి మరీ "ఏంట్రా అది?" అన్నాడు.

పీస్‌లోనే ఏదో ప్రాబ్లమ్ ఉందనుకుని రిటర్న్ పెట్టబోయా. అంతలో ఆ వీడియో డిస్క్రిప్షన్ మొత్తం చదివితే అసలు సంగతి తెలిసింది. వాళ్లు పెడల్‌ని ఒక పెద్ద ట్యూబ్ ఆంప్ ముందు పెట్టారు. ఆ ఆంప్ అప్పటికే కొంచెం డిస్టార్ట్ అవుతోంది. పెడల్ మీద డ్రైవ్ దాదాపు సున్నా, లెవెల్ ఫుల్. అంటే నేను విన్న డిస్టార్షన్‌లో ఎక్కువ భాగం పెడల్‌ది కాదు, ఆంప్‌ది. ఈ టైప్ పెడల్ బేస్‌ని తగ్గించి, దాదాపు 700 హెర్ట్జ్ చుట్టుపక్కల ఉండే మిడ్స్‌ని ముందుకు తోస్తుంది. పెద్ద ఆంప్‌లో అదే పని సౌండ్‌ని టైట్‌గా, క్లియర్‌గా చేస్తుంది. అసలే బేస్ లేని నా చిన్న స్పీకర్ దగ్గర ఉన్న కాస్త కూడా పోయింది. పెడల్ తప్పేమీ లేదు.

ఫోన్ రివ్యూలు చదివేవాళ్లకి ఇది ఈజీగా అర్థమవుతుంది. కెమెరా శాంపిల్‌ని వాట్సాప్‌లో పంపించి "డిటైల్ లేదు బ్రో" అంటే నవ్వుతాం కదా. గిటార్ శాంపిల్ అంతకంటే ఎక్కువ చేతులు మారి వస్తుంది. వాయించేవాడి వేళ్లు, పికప్, పెడల్, ఆంప్, స్పీకర్, మైక్, ఎడిటింగ్, యూట్యూబ్ కంప్రెషన్, చివరికి మన ఇయర్‌బడ్స్. ఇన్నింటిలో మనం కొనేది ఒక్కటే.

ఈ లిస్టులో జనం అస్సలు పట్టించుకోనిది స్పీకర్, మైక్. గిటార్ స్పీకర్ మ్యూజిక్ వినే స్పీకర్ లాంటిది కాదు. సుమారు 5 కిలోహెర్ట్జ్ పైన సౌండ్‌ని బాగా కోసేస్తుంది, డిస్టార్షన్‌లోని గరగర అక్కడే ఆగిపోతుంది. అందుకే పెడల్‌ని డైరెక్ట్‌గా ఆడియో ఇంటర్‌ఫేస్‌కి కలిపితే దోమల గోలలా ఉంటుంది. ఇక మైక్ సంగతి. షూర్ ఎస్‌ఎం57 లాంటి మైక్‌ని స్పీకర్ మధ్యలోంచి అంచువైపు రెండు మూడు సెంటీమీటర్లు జరపండి, షార్ప్‌గా ఉన్న సౌండ్ మెత్తబడిపోతుంది. ఒకే రకం పెడల్స్ రెండింటి మధ్య తేడా చాలాసార్లు అంత కూడా ఉండదు. రెండు వేర్వేరు వీడియోలు చూసి "ఇది వార్మ్, అది హార్ష్" అని తేల్చేస్తే మనం పోల్చింది మైక్ పొజిషన్‌లనే అయ్యుండొచ్చు.

అన్నిటికంటే పెద్ద మోసగాడు వాల్యూమ్. కొంచెం లౌడ్‌గా ఉన్నదాన్ని మన చెవి "లౌడ్" అనుకోదు, "బెటర్" అనుకుంటుంది. సౌండ్ తగ్గేకొద్దీ మనకి బేస్ తక్కువగా వినిపిస్తుందని ఫ్లెచర్, మన్సన్ 1933లోనే కొలిచి చూపించారు. రూమ్మేట్ మీద ట్రై చేశా. ఒకే క్లిప్‌ని రెండు కాపీలు చేసి, ఒకదాన్ని 1.5 డీబీ పెంచి, "ఇవి రెండు పెడల్స్, ఏది బాగుంది?" అని అడిగా. "రెండోదే, బాడీ ఎక్కువుంది" అన్నాడు. వాడిని చూసి నవ్వా కానీ, 7,500 పోగొట్టుకున్నది నేనే కదా!

"యూట్యూబ్ వాల్యూమ్ సమానం చేస్తుందిగా" అని అడగొచ్చు. చేస్తుంది, కానీ వీడియో మొత్తాన్ని ఒకే యూనిట్‌గా తీసుకుని. సుమారు -14 ఎల్‌యూఎఫ్‌ఎస్ కంటే లౌడ్‌గా ఉంటే తగ్గిస్తుంది. ఒకే వీడియోలో మొదటి పెడల్ కంటే రెండోది లౌడ్‌గా ఉంటే ఆ తేడా అలాగే మిగిలిపోతుంది. షూటౌట్ వీడియోల్లో గెలుపు చాలాసార్లు అక్కడే డిసైడ్ అవుతుంది.

మరి ఎలా వినాలి? ముందు ఫోన్‌లో డాల్బీ ఆట్మోస్, ఈక్వలైజర్ లాంటివన్నీ ఆఫ్ చేయండి. ఫోన్ స్పీకర్ మీద వినొద్దు. గిటార్ లో ఈ స్ట్రింగ్ 82 హెర్ట్జ్, ఆ చిన్న స్పీకర్‌లోంచి అది బయటికే రాదు. వైర్డ్ ఇయర్‌ఫోన్స్ చాలు. బ్యాకింగ్ ట్రాక్‌తో వచ్చే డెమోలు వినడానికి బాగుంటాయి, జడ్జ్ చేయడానికి పనికిరావు. నేనైతే నాబ్స్ ఒక్కొక్కటే తిప్పి చూపించేవి, పెడల్ ఆఫ్‌లో ఉన్న సౌండ్ కూడా వినిపించేవి మాత్రమే చూస్తా. ఎందుకంటే శాంపిల్ "ఎంత బాగుంది" అన్నది చెప్పలేదు గానీ, "ఏం మారింది" అన్నది బాగానే చెబుతుంది. గెయిన్ ఎంత దూరం వెళ్తుంది, హిస్ ఎంతుంది, బేస్ పోతోందా, ఇవన్నీ వినిపిస్తాయి. పిక్ గట్టిగా కొట్టినప్పుడు చేతికి ఎలా రెస్పాండ్ అవుతుందో మాత్రం ఏ వీడియో చెప్పలేదు.

మీరే రికార్డ్ చేయాలనుకుంటే ఫోన్ మైక్‌ని నమ్ముకోవద్దు. దాని ఆటో గెయిన్ గట్టిగా కొట్టిన నోట్‌ని నొక్కేస్తుంది, నాయిస్ తగ్గించే ఫీచర్ సస్టెయిన్ తోకని తినేస్తుంది. చిన్న యూఎస్‌బీ ఇంటర్‌ఫేస్ చాలు. ఇన్‌స్ట్రుమెంట్ ఇన్‌పుట్ బటన్ నొక్కడం మర్చిపోకండి, లేకపోతే పికప్ సౌండ్ డల్‌గా వస్తుంది. ప్రతి పెడల్‌కీ మళ్లీ వాయిస్తే వాయింపే మారిపోతుంది కాబట్టి, ముందు లూపర్ పెడల్ పెట్టి ఒకే రిఫ్‌ని రికార్డ్ చేసి, దాన్నే అన్ని పెడల్స్‌లోకి పంపండి. ఒక్క ఫజ్ పెడల్స్‌కి ఇది సెట్ అవ్వదు. ఫజ్ ఫేస్ లాంటివి గిటార్ పికప్‌తో నేరుగా కలిసినప్పుడే సరిగ్గా పలుకుతాయి, మధ్యలో లూపర్ వస్తే క్యారెక్టర్ మారిపోతుంది.

తర్వాత క్లిప్స్ వాల్యూమ్ సమానం చేసి (ఆడాసిటీలో ఫ్రీగా అవుతుంది), ఎవరితోనైనా పేర్లు మార్పించి గుడ్డిగా వినండి. పదిసార్లు వింటే ఏడు కరెక్ట్‌గా చెప్పారని సంబరపడొద్దు. ఊరికే బొమ్మా బొరుసూ వేసినా ఏడు లేదా అంతకంటే ఎక్కువ వచ్చే ఛాన్స్ దాదాపు 17 శాతం. తొమ్మిది వస్తే అప్పుడు ఒప్పుకుంటా, ఎందుకంటే తొమ్మిదీ ఆపైన లక్కు మీద వచ్చే ఛాన్స్ 1 శాతం చుట్టూనే ఉంటుంది. నా పెడల్‌ని, ల్యాప్‌టాప్‌లో ఉన్న ఫ్రీ ప్లగిన్‌ని ఇలాగే పోలిస్తే నాకు వచ్చింది ఆరు.

పెడల్ రిటర్న్ చేయలేదు లెండి. ఇప్పుడది ల్యాప్‌టాప్‌లో ఆంప్ సిమ్ ముందు కూర్చుంది, డ్రైవ్ సున్నా, లెవెల్ ఫుల్. రూమ్మేట్ హెడ్‌ఫోన్స్ తీయడం లేదు.