మోకాలు దెబ్బతిన్న ఆటగాడు మళ్లీ ఆడగలడా?

ఊళ్లో కబడ్డీ ఆడేటప్పుడో, కాలేజీలో వాలీబాల్, బాస్కెట్‌బాల్ ఆడేటప్పుడో పైకెగిరి దిగిన కాలు నేలను పట్టేస్తుంది, ఒళ్లు మాత్రం పక్కకు తిరుగుతుంది. మోకాలిలో ‘టప్’మని శబ్దం వస్తుంది. కొన్ని గంటల్లోనే మోకాలు వాచిపోతుంది. ఎక్స్‌రే తీస్తే ఎముక విరగలేదని తెలుస్తుంది. “ఏమీ కాలేదు, రెండు వారాలు కదలకుండా ఉంటే చాలు” అని ఇంట్లోవాళ్లు ఊపిరి పీల్చుకుంటారు. ఈ మాట నమ్మి ఆట పోగొట్టుకున్న యువకులు ఎందరో ఉన్నారు.

తెగేది ఏమిటి?

తొడ ఎముకనూ, కాలి ఎముకనూ కలిపి పట్టి ఉంచే గట్టి నారల్లాంటి వాటిని లిగమెంట్లు అంటారు. మోకాలి లోపల, మధ్యలో ఉండే ముందు లిగమెంటును డాక్టర్లు ఎ.సి.ఎల్. అంటారు. దీని పొడవు సుమారు 3 సెంటీమీటర్లు. కాలి ఎముక ముందుకు జారకుండా, మోకాలు మెలి తిరగకుండా ఆపేది ఇదే. లిగమెంటు ఎక్స్‌రేలో కనపడదు. డాక్టరు చేత్తో కదిపి చూసే పరీక్షతోనూ, ఎం.ఆర్.ఐ. స్కానింగ్‌తోనూ తెలుస్తుంది. దీనితోపాటు ఎముకల మధ్య నెలవంక ఆకారంలో మెత్తలా ఉండే మెనిస్కస్ కూడా చాలాసార్లు చిరుగుతుంది.

గోపీచంద్ ఏడేళ్ల ప్రయాణం

అప్పటి ప్రకాశం జిల్లా నాగండ్లలో పుట్టిన పుల్లెల గోపీచంద్‌కు ఈ గాయమే తగిలింది. 1994లో పుణేలో జరిగిన జాతీయ క్రీడల్లో డబుల్స్ ఆడుతుండగా ఆయన ఎ.సి.ఎల్. తెగింది. అప్పటికి ఆయన వయసు 20 ఏళ్లు. ఆటగాడిగా ఎదిగే సమయంలో శస్త్రచికిత్సలు, ఆ తరువాత నెలల తరబడి వ్యాయామాలు తప్పలేదు. 1996లో జాతీయ ఛాంపియన్ అయ్యాడు. 2000 వరకు వరుసగా ఐదుసార్లు ఆ టైటిల్ నిలబెట్టుకున్నాడు. 2001 మార్చి 11న బర్మింగ్‌హామ్‌లో చైనా ఆటగాడు చెన్ హాంగ్‌ను 15-12, 15-6తో ఓడించి ఆల్ ఇంగ్లండ్ ఛాంపియన్ అయ్యాడు. 1980లో ప్రకాశ్ పదుకోన్ గెలిచాక ఆ టైటిల్ మన దేశానికి రావడం అదే మొదలు.

గాయానికీ, ఆ గెలుపుకూ మధ్య ఏడేళ్లు గడిచాయి. మనం గుర్తుంచుకోవలసింది ఆ కాలాన్ని.

కోలుకునే అవకాశం ఎంత?

అమెరికాలో బాస్కెట్‌బాల్ వృత్తిగా ఆడే ఎన్.బి.ఎ. ఆటగాళ్లలో ఈ లిగమెంటుకు ఆపరేషన్ అయిన 27 మందిని పరిశీలించి 2009లో ఒక అధ్యయనం ప్రచురించారు. వారిలో 21 మంది తిరిగి ఆడారు, 6 మంది ఆడలేకపోయారు. తిరిగి వచ్చినవారిలోనూ 12 మందికి ఆట స్థాయి తగ్గింది. మంచి డాక్టర్లు, ఫిజియోథెరపిస్టులు పక్కనే ఉన్నవారి సంగతి ఇది. అన్ని రకాల క్రీడాకారులనూ కలిపి 2014లో లెక్కించినప్పుడు ఏదో ఒక ఆటకు తిరిగి వచ్చినవారు నూటికి 81 మంది, పోటీల్లో మళ్లీ ఆడినవారు 55 మంది.

ఇంతకంటే పెద్ద దెబ్బ నుంచి లేచినవారూ ఉన్నారు. 2007 ఫిబ్రవరి 26న షాన్ లివింగ్‌స్టన్ అనే ఎన్.బి.ఎ. ఆటగాడి మోకాలు కీలు తప్పి మూడు లిగమెంట్లు తెగాయి. కాలు తీసేయవలసి రావచ్చని కూడా డాక్టర్లు ఆలోచించారు. 2008-09 సీజన్‌లో అతడు తిరిగి ఆడాడు. మునుపటిలా ఎగరలేకపోయినా ఆట తీరు మార్చుకుని 2015, 2017, 2018లలో గోల్డెన్ స్టేట్ వారియర్స్ జట్టుతో ఛాంపియన్ అయ్యాడు.

అయితే తిరిగి ఆడినంత మాత్రాన మోకాలు పూర్తిగా బాగుపడిందని అనుకోకూడదు. హైదరాబాద్‌లో ఆట నేర్చిన సైనా నెహ్వాల్ 2016లో మోకాలి ఆపరేషన్ తరువాత మళ్లీ పతకాలు గెలిచింది. 2024 నాటికి కీళ్లవాతం వచ్చిందని, మృదులాస్థి బాగా అరిగిపోయిందని ఆమే చెప్పింది.

ఆపరేషన్ అందరికీ అవసరమా?

అవసరం లేదు. స్వీడన్‌లో వృత్తి క్రీడాకారులు కాని 121 మంది యువతీ యువకులపై జరిగిన పరీక్ష ఫలితాలు 2010లో వచ్చాయి. ముందు వ్యాయామాలు చేయించి, తప్పనిసరైతేనే ఆపరేషన్ చేద్దామనుకున్న 59 మందిలో రెండేళ్లలో ఆపరేషన్ చేయించుకున్నది 23 మందే. పొలం పని, దుకాణం పని చేసుకునేవారికి వ్యాయామాలతోనే మోకాలు నిలబడవచ్చు. ఎగురుతూ, మలుపులు తిరుగుతూ పోటీల్లో ఆడాలనుకునేవారికి, నడుస్తుండగా మోకాలు పట్టు తప్పుతున్నవారికి ఆపరేషన్ అవసరం కావచ్చు. తొడ వెనుక భాగం నుంచో, మోకాలిచిప్ప కింద నుంచో కండర నారను తీసి తెగిన లిగమెంటు స్థానంలో అమరుస్తారు.

కట్టు గురించి ఒక మాట

ఎముక విరిగితే పుత్తూరు కట్టుకు వెళ్లడం మన ప్రాంతంలో తాతల నాటి నుంచి వస్తున్న అలవాటు. కానీ తెగిన ఎ.సి.ఎల్. విరిగిన ఎముక కాదు. కట్టు కట్టినంత మాత్రాన దాని రెండు కొసలు కలుస్తాయని నమ్మడానికి లేదు. వారాల తరబడి కాలు కదపకుండా కడితే మోకాలు బిగుసుకుపోతుంది, తొడ కండరం సన్నబడుతుంది. అందుకే ముందు లిగమెంటు సంగతి తేల్చుకోవాలి. పాకాల వారు తిరుపతిలోని బర్డ్ ఆసుపత్రికి గానీ, కాట్పాడి రైలెక్కి వేలూరు సి.ఎం.సి.కి గానీ వెళ్లి చూపించుకోవచ్చు.

మళ్లీ మైదానంలోకి ఎప్పుడు?

నొప్పి తగ్గగానే ఆడేయాలనిపిస్తుంది. అమర్చిన కొత్త నార తొలి నెలల్లో బలహీనంగా ఉంటుందని మరచిపోవద్దు. ఆపరేషన్ అయ్యాక తొమ్మిదో నెల వరకు ఆటను ఒక్కొక్క నెల వాయిదా వేసినకొద్దీ మళ్లీ గాయపడే ప్రమాదం దాదాపు సగానికి తగ్గుతుందని 2016లో నార్వేలో జరిగిన అధ్యయనం చూపింది. నెలలు నిండితే చాలదు. దెబ్బతిన్న కాలి తొడ బలం మంచి కాలి బలంలో కనీసం 90 శాతం ఉండాలి. ఒంటికాలిపై గెంతడం, దిగడం రెండు కాళ్లకూ ఒకేలా రావాలి.

దెబ్బ తగిలిన వెంటనే:

• ఆట ఆపండి. “నడవగలుగుతున్నాను కదా” అని మళ్లీ దిగవద్దు.
• మంచుముక్కలు గుడ్డలో చుట్టి 15-20 నిమిషాలు పెట్టండి. సాగే బ్యాండేజీ చుట్టి, కాలిని దిండుపై ఎత్తుగా ఉంచండి.
• మొదటి రెండు మూడు రోజులు నూనె మర్దన, వేడి కాపడం వద్దు.
• పాదం చల్లబడినా, తిమ్మిరెక్కినా, మోకాలు వంకర తిరిగినా ఒక్క గంట కూడా ఆగవద్దు. రక్తనాళం దెబ్బతిని ఉంటే 6 గంటలలోపు రక్తప్రసరణ పునరుద్ధరించాలి. లేకుంటే కాలు పోయే ప్రమాదం ఉంది.
• ఆపరేషన్ అయినా, కాకపోయినా ఫిజియోథెరపీ మధ్యలో మానవద్దు.

ఆపరేషన్‌కు డబ్బు ఎలాగో సర్దుకుని, ఫిజియోథెరపీకి ప్రయాణ ఖర్చు దండగ అని మానేసే కుటుంబాలు ఉన్నాయి. ఆపరేషన్ ఒకటి రెండు గంటల్లో అయిపోతుంది. వ్యాయామం తొమ్మిది నెలల పని. ఇంట్లో ఒకరు దగ్గరుండి రోజూ ఆ వ్యాయామాలు చేయిస్తే, పిల్లవాడికి మళ్లీ ఆడే అవకాశం ఎక్కువగా ఉంటుంది.