తోపుల ఊళ్లో వింతలు విశేషాలు

హైదరాబాద్‌లో బౌద్ధనగర్ నుంచి ఉస్మానియా యూనివర్సిటీ క్యాంపస్ మీదుగా తార్నాక దాకా తిరిగేవాళ్లకు ఫిరంగుల మీద మక్కువ పుడితే ఊరు దాటనక్కర్లేదు. మన చుట్టూ ఉన్నవీ, మన తోపుల పక్కన నిలబెట్టదగ్గవీ కొన్ని ఇవి.

పేరులో మిగిలిన కార్ఖానా: నిజాం అలీఖాన్ కొలువులోని ఫ్రెంచి సేనాని రేమండ్ 18వ శతాబ్దం చివర్లో ఫిరంగులు పోతపోయించిన చోటే నేటి గన్‌ఫౌండ్రీ. జనం 'తోప్ కా సాంచా' అన్నారు. సాంచా అంటే అచ్చు. రేమండ్ 1798 మార్చి 25న చనిపోయాడు. మూసారాంబాగ్ పేరు ఆయనదే.

ఫిరంగి దెబ్బకు లేచిన బురుజు: 1656 మొగలు ముట్టడిలో గోల్కొండ గుండు తగిలి మొగలు సేనాని మీర్ మీరాన్ మరణించాడు. ఆ తర్వాత అక్కడ మూసాఖాన్ ఆధ్వర్యంలో మూసా బురుజు లేచింది. కట్టిన మేస్త్రి ధర్మాచారి.

ఒకే చేతి పోత: గోల్కొండ కోట బురుజుల మీదున్న ఫతే రహ్‌బర్, అజ్దహా పైకర్ రెండూ మహమ్మద్ అలీ అరబ్ పోసినవే. మొదటి పేరుకు 'విజయానికి దారి చూపేది' అని అర్థం.

దక్కన్‌లో బరువైన తోపు: బీజాపూర్ మాలిక్-ఎ-మైదాన్ సుమారు 55 టన్నులు. 1549లో పోశారు. దాని మూతి ఏనుగును నమిలే సింహం నోరు.

పోత కాదు, కమ్మరి పని: తంజావూరులో తెలుగు నాయక రాజుల నాటి తోపు ఒకటుంది. ఇనప పట్టీలను ఒకదానిపక్కన ఒకటి పేర్చి, పైన కడియాలు బిగించి, సమ్మెటతో అతికారు. బరువు సుమారు 22 టన్నులు.

చాలా పెద్ద నోరు: మాస్కోలోని జార్ ఫిరంగిది. 1586లో పోశారు. గొట్టం లోపలి వెడల్పు 890 మిల్లీమీటర్లు.

గడియారంలా పేలేది: దక్షిణాఫ్రికా కేప్‌టౌన్‌లో 1806 నుంచి మధ్యాహ్నం 12 గంటలకు తోపు పేలుస్తున్నారు. ఆదివారాలు, సెలవు రోజులు మాత్రం మినహాయింపు.

సరదాగా పేల్చేవాళ్లు: అమెరికాలో అంతర్యుద్ధం నాటి తుపాకులు, ఫిరంగులతో గురిపోటీలు నడిపే సంఘం 1950లో పుట్టింది. పాతవాటితో పాటు వాటి నమూనాలూ తెచ్చుకుని, జట్లుగా తుపాకిమందు దట్టించి పేలుస్తారు.

మన దగ్గర ఆ పని సొంతంగా చేయకూడదు. ఆయుధం తయారీకి 1959 ఆయుధాల చట్టం, మందుగుండుకు 1884 పేలుడు పదార్థాల చట్టం ప్రకారం లైసెన్సు ఉండాలి. సురేకారం, బొగ్గు, గంధకం కలిసిన ఆ పొడికి ఒక్క నిప్పురవ్వ చాలు, చేతులు పోతాయి.

అయినా అభిరుచికి దారి ఉంది. తార్నాకలోని స్టేట్ ఆర్కైవ్స్‌లో మొగలు సిపాయిల ముఖాల ఆనవాళ్లు, గుర్రాల గుర్తులు రాసిన కాగితాలు భద్రంగా ఉన్నాయి. ఆ తోపుల కాలపు మనుషులు అక్కడ కనిపిస్తారు. ఒక ఆదివారం పిల్లలతో గోల్కొండ ఎక్కండి. తోపు ముందు కూర్చుని బొమ్మ గీయండి. ఇంటికొచ్చి కొయ్యతోనో మట్టితోనో చిన్న నమూనా చేయించండి. మందు అక్కర్లేదు. ఆ పోత పనివాడి నేర్పు పిల్లల చేతికి అందితే చాలు.